అందరి లెక్క నడిచిన అక్క

అక్క దినాల నాడు మా వాకిట్ల టెంటు కింద ఏడ్చినోళ్ల కన్న నవ్వినోళ్లే ఎక్కువ. తిన్నాక చేతులు కడుక్కొని కూర్చున్న ఆడవాళ్లల్ల ఒకామె, గాజులమ్మే ఖాలా నెత్తి మీది గంప దించే తీరు చేసి చూపించింది. ఇంకొకామె నిలబడే నిద్రపోయే బస్సు కండక్టరును చేసింది. "గట్ల కాదు, అక్క చేస్తే మెడ జర పక్కకు వాలుతుండె" అని మరొకామె దిద్దింది. వాళ్లు చేసేది ఖాలానూ కాదు, కండక్టరునూ కాదు. అక్కనే. అక్క చేసిన మనుషులను అక్క చేసినట్టు చేస్తున్నరు.

గోడకు ఆనించిన ఫోటోల మాత్రం ఆమె నిటారుగ కూర్చొని పెదవులు బిగబట్టి ఉంది. ఏదో కార్డు కోసం దిగిన ఫోటోను బావ పెద్దగ చేపిచ్చిండు. దండ వేసి చూస్తే ఎవరో అనిపించింది. అంత కదలకుండ ఉన్న మొకాన్ని నేను ఆమె జబ్బున పడ్డ కాలంల తప్ప ఎన్నడు చూడలేదు.

ఆమె నాకు తోటికోడలు. మా బావ పెండ్లాం. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డుకు జర లోపలికి ఉండే మా ఇంటికి నేను కోడలుగ వచ్చేనాటికే ఆమె ఆ ఇంట్ల పాతబడ్డ మనిషి. కొత్తగ వచ్చిన నాకు వంటింట్ల ఉప్పు ఎక్కడ, పప్పు ఎక్కడ అని చెప్పకముందే, ఇంట్ల ఎవరు ఎట్ల నడుస్తరో చేసి చూపించింది. బావ తలుపు తీసే ముందు చెప్పులు రెండుసార్లు నేలకు కొట్టుడు, మా ఆయన ఫోన్ల మాట్లాడుకుంట గోడ సున్నం గీకుడు, పాలు పోయించుకునే పక్కింటామె గిన్నెలకు తొంగి చూసుడు. చేసే ముందు అక్క కొంగు నడుముకు చెక్కుకొని, అరచెయ్యితోని మొకాన్ని పైకెల్లి కిందికి ఒక్కసారి తుడుచుకునేది. చెయ్యి దిగేసరికి అక్కడ అక్క ఉండకపోయేది.

"మొకంతోని మనిషిని పట్టలేమే చెల్లె. నడక పట్టాలె. పెయ్యి, గీ ఒళ్లు, ఎక్కడ బరువు మోస్తదో చూస్తే మనిషి మొత్తం దొరుకుతడు" అనేది.

ఈ ఆటంతా వంటింట్ల, బర్రెల కొట్టంల, గల్లీ ఆడవాళ్ల నడుమ. మగవాళ్ల ముందు ఎన్నడు చేయలేదు. బావ ఇంట్లకు వస్తుంటే మా నవ్వు ఆగిపోయేది. "ఏందో నవ్వుతుండిరి?" అని ఆయన అడిగేటోడు. "ఏం లేదు" అని ఆమె చాయ పెట్టేది. అన్నేండ్లు కాపురం చేసి, తన పెండ్లాం ఎంత పెద్ద ఆటగత్తెనో ఆయనకు తెలియకుండనే గడిచిపోయింది.

అన్నిటికన్న బాగ చేసేది మా అత్తను. అత్త నడుము అప్పటికే వంగిపోయింది. కుడిచెయ్యి తొడ మీద ఆనించి, అడుగు తీసి అడుగు వేసే ముందు కొంచెం ఆగి, ఎవరినో తిట్టబోతున్నట్టు గాలి పీల్చేది. అక్క అదే నడకతోని వంటింట్ల గ్యాసుపొయ్యి కాడికెల్లి నీళ్ల కుండ దాంక నడిచేది. నేను కొంగు నోట్ల కుక్కుకొని నవ్వు ఆపుకునేదాన్ని. ఒకట్రెండు సార్లు అత్త కంట్ల పడ్డది కూడ. "నా మీద నాటకాలా? నీ నడుము పడిపోను!" అని అత్త తిట్టింది. అక్క తలకాయ వంచుకొని నిలబడింది, అత్త తిరిగి పోంగనే ఆ తిట్టును కూడ చేసి చూపించింది.

దొంగనొప్పులు కూడ ఆమెకు అలవాటే. పనులు మీద పడ్డ నాడు కళ్లు తిరుగుతున్నయని గోడకు జారబడేది. అందరు ఉరికి వచ్చి నిమ్మకాయ నీళ్లు తాపినంక, చెంబు చాటుకెల్లి నా దిక్కు చూసి కన్ను కొట్టేది. అందుకే ఆమెకు నొస్తుందంటే ఇంట్ల ఎవరు తల ఎత్తి చూసేటోళ్లు కాదు.

ఆ ఏడు వానలు వెనుకబడ్డ కాలంల ఒకనాడు పొద్దుగాల ఆమె అర్రలకెల్లి వంగి బయటకు వచ్చింది. కుడిచెయ్యి తొడ మీద ఉంది. అడుగుకు అడుగుకు నడుమ ఆగుతుంది. వాకిట్ల బియ్యం ఏరుకుంట అత్త కూర్చొని ఉంది. నాకు ముందు నవ్వే వచ్చింది, అత్త ముందట్నే ఇంత ధైర్యమా అని. ఇంట్ల పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. అత్త చేట పక్కకు పెట్టి, చేతికందిన చెంబును ఆమె మీదికి ఇసిరింది.

"నా మొకం మీదనే చేస్తున్నవా? సిగ్గు లేదా నీకు?"

చెంబు అక్క కాళ్ల కాడ పడి దొర్లింది. ఆమె దాన్ని వంగి తీయలేదు. "లేదత్తమ్మా, నడుము పట్టింది" అని మాత్రం అన్నది.

"నడుమే పట్టుతది నీకు. పని ఉన్ననాడే పట్టుతది."

ఆ రోజు సాయంత్రం ఆరిన బట్టలు తీయనీకె నేను డాబా మీదికి పోయిన. కింద కొట్టం వెనక అక్క ఒక్కతే ఉంది. పాలు పిండనీకె బర్రె పక్కన కూర్చోబోయి, సగం దాంక వంగి, కూర్చోలేక, లేవలేక కొట్టం గుంజను పట్టుకొని ఆగిపోయింది. చుట్టుపక్కల ఎవరు లేరు. చూసేటోళ్లు లేకున్న ఆమె వంగే ఉంది. ఆమెను ఎరిగిన దాన్ని గనుక నాకు భయమైంది. ఎదురుగ మనుషులు లేకుండ అక్క ఎన్నడు ఎవరినీ చేసేది కాదు.

కిందికి దిగి పోయిన. "అక్కా, నిజంగనే నొస్తుందా?"

ఆమె నా దిక్కు చూసింది. ఆ మొకంల ఏం లేదు. "కాలు సాగుతలేదే. సాపుదామంటే కడుపుల ఎవలో పట్టి గుంజుతున్నరు."

ఊర్ల సూదులిచ్చే డాక్టరు నడుము పట్టిందని సూదిమందు ఇచ్చిండు. నొప్పి గోలీలు రాసిండు. అవి వేసుకున్న పూట చెమటలు పట్టి జర నెమ్మది అయ్యేది, మళ్లీ మొదలు. తర్వాత బావ ఆమెను ఎముకల డాక్టరు కాడికి తీసుకపోయిండు. నడుముకు ఎక్స్‌రే తీసి, ఎముకలన్నీ మంచిగనే ఉన్నయి, డిస్కు జర జరిగినట్టుంది, మంచం మీదికెల్లి లేవద్దు, బెల్టు పెట్టుకో అన్నరట. ఇంటికి వచ్చినంక బావ ఆ ఫిల్ము కవర్‌ను అత్త ముందట పెట్టి, "ఎముకలు మంచిగనే ఉన్నయంట" అన్నడు. అత్తకు అంతే కావాలె. "నేను ముందే చెప్పలే?" అన్నది.

అప్పటి సంది ఆమెకు ఆ అర్రనే లోకమైంది. చిన్న అర్ర. ఒక్కటే కిటికీ. దానికి ఎదురుగ కొత్తగ లేచిన అపార్ట్‌మెంటు గోడ. ఇంతకు ముందు అక్కడ ఖాళీ జాగ ఉండె, వచ్చిపోయేటోళ్ల నడకలు చూసుకుంట కూర్చునేది. ఇప్పుడు గోడ తప్ప ఏం కనిపించదు. కుడి మోకాలు పైకి లేపి, దాని కింద మడిచిన బొంత పెట్టుకొని, ఎడమ దిక్కు తిరిగి పండుకునేది. బొంత తీస్తే ఓర్చుకోలేదు. కాలు దించితే ఓర్చుకోలేదు. పక్కకు తిరగాలంటే రెండు చేతులతోని కాలును ఎవరిదో మోసినట్టు మోసి తిప్పుకునేది. డిస్కు అన్నరు గనుక ఒకామె వచ్చి కాలు గుంజి వ్యాయామం చేపిచ్చబోయింది. అక్క ఆమె చెయ్యి పట్టుకొని "నీ కాల్మొక్కుత, వద్దు" అన్నది. అరవలేదు.

నాకు ఆ అరవకపోవుడే గుబులైంది. దొంగనొప్పి నాడు గల్లీ అంత ఇనేటట్టు "అవ్వా" అని అరిచే మనిషి. ఇప్పుడు నేను అన్నం గిన్నె పట్టుకొని పోతే, "గాడ పెట్టు" అని కళ్లు మూసుకునేది. సాయంత్రం అయితే పళ్లు టకటక కొట్టుకుంట వణికేది. దుప్పటి మీద దుప్పటి కప్పేదాన్ని. పొద్దుగాలకు చెమటల తడిసి ఉండేది. ముద్ద దిగుతలేదు. మొకం గుంజుకపోయింది. గడప అవతలకెల్లి అత్త, "పండుకుంటే ఏ నడుమన్న పట్టుతది. లేచి రెండు బిందెలు మోస్తే అదే పోతది" అనేది. మాట అర్రలకు మంచిగనే ఇనొచ్చేది. అక్క గోడ దిక్కే చూస్తుండె.

"బావా, ఇది డిస్కు కాదు. దినాం జరం వస్తుంది. వేరే దవాఖానకు పోదాం" అని నేను ఆయన ముందట నిలబడి అన్న. ఆ ఇంట్ల నేను ఆయనకు ఎదురుగ నిలబడి మాట్లాడుడు అదే మొదలు.

"డాక్టరు చెప్పిండు గదమ్మా, మంచం మీద ఉండాలెనని. టైం పడ్తదంట."

"నువ్వు ఆమె పెయ్యి ముట్టి చూసినవా?"

ఆయన లేచి అర్రలకు పోయిండు. బయటకు వచ్చినప్పుడు చేతిని చూసుకుంట వచ్చిండు. ఆటోకు ఫోన్ చేసిండు.

తుర్కయాంజాల్‌ల రోడ్డు మీదనే ఒక చిన్న దవాఖాన ఉండె. డాక్టరమ్మ తక్కువ మాట్లాడే మనిషి. ఆటోలకెల్లి అక్కను దించి లోపలికి తెస్తుంటే ఆమె తలుపు కాడ నిలబడి, నడిపించే తీరంతా చూసింది. బావను బయట కూర్చోమన్నది. నన్ను ఉండమన్నది.

"పండుకో అమ్మా. కాళ్లు చాపు."

అక్క ఎడమ కాలు చాపింది. కుడి మోకాలు పైకే ఉంది.

"అది కూడ."

"అది రాదు మేడమ్."

డాక్టరమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగ కిందికి దించబోయింది. కాలు జరంత దిగేసరికి అక్క నడుము బెడ్డు మీదికెల్లి లేచింది, కింద చెయ్యి దూరేటంత. నోట్లకెల్లి సప్పుడు రాలేదు. నా మణికట్టును మాత్రం పట్టుకున్నది. డాక్టరమ్మ వెంటనే వదిలేసి, ఈసారి మోకాలును ఇంకా పైకి ముడిచి, తొడను అటు ఇటు తిప్పింది. దానికి అక్క అంత బాధపడలేదు. పక్కకు తిప్పి వెన్ను మీద మెల్లగ కొట్టి చూసింది.

"తుంటి కీలు తిరుగుతుంది. వెన్ను మీద కొడితే నొస్తలేదు" అని తనలో తానే అనుకొని, పొత్తికడుపు కుడి దిక్కు వేళ్లు లోతుగ ఆనించింది. అక్క కళ్లు గట్టిగ మూసుకున్నది.

"జరం ఎప్పటి సంది?"

"చానా దినాల సంది" అన్న నేను. "నొప్పి గోలీ వేసుకుంటే చెమట పట్టి పోతది."

"గోలీ జరాన్ని దాచిపెడ్తుంది. షుగర్ ఉందా?"

లేదని చెప్పినం. అక్కడనే వేలు గుచ్చి చూస్తే మిషన్ల వచ్చింది చూసి డాక్టరమ్మ మళ్లీ చూడమన్నది. ఎప్పటి సంది ఉందో తెలియదు, షుగర్ మస్తుగ ఉంది. కడుపుకు స్కానింగ్ తీసింది. తెర మీద నల్లగ ఒక మడుగు లెక్క కనిపించింది. దాన్ని వేలితోని చూపిచ్చి మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

"వెన్నుపూసల పక్కన మొదలై, కడుపు వెనకాలకెల్లి దిగి, తొడ లోపల అతుక్కునే కండ ఒకటి ఉంటది. కాలు ఎత్తాలన్నా, మెట్టెక్కాలన్నా అదే పని చేస్తది. ఆ కండల చీము పట్టింది. కాలు చాపితే ఆ కండ సాగాలె. సాగితే ప్రాణం పోయేటంత నొప్పి లేస్తది. అందుకే పెయ్యి సాగనిస్తలేదు. ఈమె కావాలని వంగుతలేదు, ఆ కండ వంచుతుంది."

"పైన ఏం కనవడదా మేడమ్?"

"అంత లోపల ఉన్నది ఎట్ల కనవడ్తది? వాపు లేదు, ఎరుపు లేదు. ఎక్స్‌రేల ఎముకలు తప్ప కండ తెలియదు. ఆలస్యం చేస్తే మాత్రం నెత్తురంతా విషమైతది. ఇయ్యాలనే పట్నం పోవాలె."

అక్క అంతసేపు పైకప్పు దిక్కు చూస్తుండె. అప్పుడు తల తిప్పి, "మేడమ్, మా అత్తకు ఒక్కసారి ఫోన్ చేసి చెప్తరా?" అన్నది.

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, అక్క మొకం చూసి ఆపింది. నేను నంబర్ కలిపి ఇచ్చిన. డాక్టరమ్మ నిలబడే మాట్లాడింది. "అమ్మా, మీ పెద్దకోడలును చూసిన. ఆమె నాటకం చేస్తలేదు. లోపల కండల చీము ఉంది. ప్రాణం మీదికి వచ్చేది." ఫోన్ పెట్టేసినంక అక్కకు ఏడుపు వచ్చింది. ఆ జబ్బుల ఆమె ఏడ్చింది అప్పుడే.

పట్నంల పెద్ద దవాఖానకు పోయేసరికి పొద్దు గుంకలేదు. వాళ్లు పెద్ద స్కానింగ్ తీసి, అందుల చూసుకుంటనే నడుము పక్కకెల్లి సూది దింపి, దాని వెంబడి సన్నని పైపు పెట్టిండ్రు. పైపు చివరకు సంచి. అందుల దిగిన చీము ఎక్కువ ఉడికిన పెసరపప్పు లెక్క చిక్కగ ఉంది. మనిషి లోపల ఇదంతా మోసుకుంట మా ముందట పండుకున్నదా అనుకుంట ఆ సంచిని చూసిన.

అక్కడి డాక్టర్లు చీమును పరీక్షకు పంపిండ్రు. ఆ కండల మామూలు క్రిములతోని చీము పట్టొచ్చు, టీబీతోని పట్టొచ్చు, కంటితోని చూసి చెప్పలేమన్నరు. ఫలితం వచ్చేదాంక సెలైన్ల మందు ఎక్కించిండ్రు. షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టిండ్రు. బావ ఇంటికి ఫోన్ చేసి మొత్తం చెప్పిండు. ఇంట్లోళ్లు ఇన్నది మాత్రం టీబీ అన్న ఒక్క మాటనే.

నేను బట్టలకని ఇంటికి పోయిన నాడు అక్క తినే పళ్లెం, గిలాస కొట్టం గోడ మీద ఉన్నయి. అత్తను అడుగలేదు. వాటిని తోమి లోపల పెట్టి, మళ్లీ దవాఖానకు వచ్చిన. అక్కకు ఏం చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన పని లేకుండె. నా నడక చూసింది.

"నా పళ్లెం ఏడ పెట్టిండ్రే?" అని అడిగింది.

ఆ వార్డుల ఆమె కదలనీకె లేకుండె. ఒక దిక్కు పైపు. ఒక చేతికి సూది. కుడి మోకాలు ఇంకా పైకే. ఎటు తిరుగుదామన్న ఏదో ఒకటి గుంజేది. చుట్టూ ఎన్ని నడకలు! స్టూలు లాక్కునే నర్సు, కూతురు మంచం కాడ చేతులు వెనక్కి కట్టుకొని తిరిగే ముసలాయన, పొద్దుగాల గుంపుగ వచ్చే డాక్టర్లు. ఇంకో కాలంల అయితే వారానికి సరిపోయే ఆట. ఆమె చూసేది. చూసి కళ్లు మూసుకునేది. జరం మాత్రం తగ్గుతలేదు. ఎక్కించే మందు పెయ్యిల పడుతుందో లేదో తెలియదు. టీబీ అవునో కాదో తెలియదు. ఎదురు చూసుడు తప్ప చేసేది ఏం లేదు.

ఒకనాడు మధ్యాహ్నం నేను ఆమె జుట్టు దువ్వుతున్న. ఆమె అన్నది:

"చెల్లె, నొస్తుందని ఎట్ల చెప్పాలె? మూలుగుదామంటే అది మా పెద్దమ్మ మూలుగుడు. ఏడుద్దామంటే మన అత్త ఏడుపు వస్తుంది. అన్నీ ఒగలి కాడ ఎత్తుకొచ్చినయే. ఇన్నేండ్ల సంది అందరి లెక్క ఉన్న. నా లెక్క నేను ఎట్లుంటనో ఎవలకు తెల్వదు. నాకు గూడ తెల్వకపాయె."

నేను దువ్వుకుంట కూర్చున్న.

చివరకు పరీక్ష ఫలితం వచ్చింది. టీబీ కాదు. మన చర్మం మీద, ముక్కుల ఉండే మామూలు క్రిమే. ఎక్కడో ఒక పుండు దొరికితే నెత్తుర్ల కలిసి, షుగర్ ఉన్న పెయ్యిల ఇట్ల కండను పట్టుకుంటదని వార్డు డాక్టరు చెప్పిండు. "ఈ మధ్యల ఏమన్న గడ్డ లేచిందా?" అని అడిగిండు. చంకల సెగగడ్డ లేస్తే తనే పిసికి, పసుపు పెట్టుకున్నదని అక్కకు అప్పుడు యాదికి వచ్చింది. ఇంట్ల ఎవరికి చెప్పలేదట. చెప్పినా నమ్ముతరా అని. ఇంకో సంగతి కూడ తెలిసింది. ముందు ఎక్కించిన మందుకు ఆ క్రిమి లొంగేది కాదు. ఏ మందుకు లొంగుతదో పరీక్షల రాసి వచ్చింది. మందు మార్చిండ్రు.

మందు మారినంక జరం జారింది. మళ్లీ స్కానింగ్ తీసి, లోపల ఇంకా మిగిలిన చీమును కూడ పైపుకెల్లి కడిగి తీసిండ్రు. మోకాలు రోజుకింత కిందికి వచ్చింది. బొంతలెక్క పెట్టిన దుప్పటి మడతలు ఒక్కొక్కటి తీసేసినం. ఒకనాడు నేను చాయ పట్టుకొని వచ్చేసరికి ఆమె కాలు మొత్తం బెడ్డుకు ఆనింది. ఆమె దాన్నే చూస్తుంది. ఎవరి కాలో తెచ్చి అక్కడ పెట్టినట్టు చూస్తుంది.

ఆ దినాలల్లనే అత్త వచ్చింది. ఆ వంగిన నడుముతోని బస్సులెక్కి దిగి, బావ చెయ్యి పట్టుకొని వార్డుల నడిచి వచ్చింది. జొన్నరొట్టె గుడ్డల కట్టుకొని తెచ్చింది. మంచం పక్క స్టూలు మీద కూర్చొని చానాసేపు కొంగుతోని మొకం తుడుచుకున్నది.

"నువ్వు వంగి నడిస్తే నన్ను చేస్తున్నవనుకున్ననే" అన్నది.

"మొదట్ల నాకు గూడ గట్లనే అనిపించింది అత్తమ్మా" అన్నది అక్క. కొంచెం ఆగి, "నీకు గిట్లనే నొస్తదా?" అని అడిగింది.

అత్త ఆ మాటకు ఆమె దిక్కు తల ఎత్తి చూసింది. "నొస్తది. ఎందుకు నొయ్యదు? పొద్దుగాల లేస్తుంటే మస్తు నొస్తది." తర్వాత గొంతు తగ్గించి అన్నది: "ఇన్నేండ్లు నా నడక నడిచినవ్. ఒక్కనాడు అడుగకపోతివి."

అక్క చెయ్యి చాపింది. సెలైన్ సూది ఉన్న చెయ్యి. అత్త ఆ సూది కదలకుండ దాన్ని ఒళ్లె పెట్టుకొని కూర్చున్నది. బావ కిటికీ కాడ నిలబడి బయటకు చూసిండు. జొన్నరొట్టెను అత్తనే తుంచి ఆమె నోట్ల పెట్టింది.

పైపు తీసేసి ఇంటికి వచ్చినంక కూడ చాన్నాళ్లు గోలీలు నడిచినయి. ఇన్సులిన్ మాత్రం ఆమె వెంట ఉండిపోయింది. నడక మళ్లీ మొదటికెల్లి నేర్చుకున్నది. గోడ పట్టుకొని, తర్వాత నా భుజం పట్టుకొని, తర్వాత ఒక్కతే. గల్లీ ఆడవాళ్లు వచ్చి, "ఏదీ అక్కా, ఆ డాక్టరమ్మను చేసి చూపియ్" అని అడిగిండ్రు. ఆమె నవ్వేది గాని చేయలేదు. "నా నడకే ఇంకా మంచిగ వస్తలేదు" అనేది. ఆట మళ్లీ మొదలుపెట్టింది, అయితే చానా కాలం తర్వాత. అత్తను మాత్రం మళ్లీ చేయలేదు. పొద్దుగాల అత్త లేచే యాళ్లకు గోరువెచ్చని నూనె పట్టుకొని పోయి నడుముకు రాసేది.

ఆమె జబ్బు సంగతి ఊర్ల పాకినంక ఒక విచిత్రం జరిగింది. గల్లీల ఎవరికన్న నొప్పి వచ్చి, ఇంట్లోళ్లకు అనుమానం వస్తే, ఆ మనిషిని అక్క కాడికి తోలుకొచ్చుడు మొదలైంది. నాటకం చేసుడు తెలిసిన మనిషి, నిజం నొప్పి పడ్డ మనిషి, ఈమె కన్న ఎవరు చెప్తరు అని. బడి ఎగ్గొట్టే పిల్లలు వచ్చిండ్రు, పనికి రానన్న కూలామె వచ్చింది, కొత్త కోడళ్లు వచ్చిండ్రు. అక్క వాళ్లను మంచం మీద పండుకోబెట్టి, నుదురు మీద చెయ్యి వెనక దిక్కు ఆనించి చూసేది. కాళ్లు చాపమనేది. కడుపు ఒత్తేది. చానాసేపు చూసి, "నిజమే" అనేది. ఎన్నడు ఒక్కరిని కూడ నాటకమని అనలేదు. జరం తగిలితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండ దవాఖానకు పంపేది, తోడు లేకుంటే తనే పోయేది.

పోయిన ఎండకాలం, గుండె ఆగి ఆమె పోవుడుకు కొంచెం ముందు, రోడ్డు మీద టిఫిన్ సెంటర్ నడిపే ఆమె తన కోడలును చెయ్యి పట్టుకొని గుంజుకొచ్చింది. చిన్న పిల్ల. తెల్లారకముందు పిండి రుబ్బుడు దగ్గర మొదలైతే పొయ్యి ఆరే దాంక నిలబడే ఉంటది. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు.

"పొద్దుగాల సంది కడుపునొప్పి అంటుంది వదినా. నిజమా, నాటకమా? నువ్వు చూసి చెప్పు. అక్కడ గిరాకీ ఆగమైతుంది."

అక్క ఆ పిల్లను తన మంచం మీద పండుకోబెట్టింది. నుదురు చూసింది. కాళ్లు చాపిచ్చింది, ముడిపిచ్చింది. కడుపు నాలుగు దిక్కుల ఒత్తి చూసింది. ఆ పిల్ల భయం భయంగ ఆమె కళ్లల్లకే చూస్తుంది.

"నిజమే" అన్నది అక్క. "ఇయ్యాల, రేపు రెండు దినాలు దీన్ని నిలవడనియ్యకు. ఈడనే ఉండనియ్. జరం వస్తే నేనే దవాఖానకు తీస్కపోత."

ఆ పిల్ల అత్త గొణుక్కుంట పోయింది. నేను అక్కను వంటింట్లకు పిలిచి మెల్లగ అడిగిన, "నిజంగనే నొప్పి ఉందా అక్కా?"

"ఏం లేదు. ఉత్తదే."

"మరి నిజమంటివి?"

"అలిసిపోయిన అంటే ఆ ఇంట్ల ఎవలింటరే? నొప్పి అంటెనన్న ఇంటరు." చాయ గిన్నె పొయ్యి మీద పెట్టి ఆమె మళ్లీ అర్రలకు పోయింది. తలుపు సగం తెరిచే ఉంది. మంచం మీద కూర్చొని ఆ పిల్ల చెయ్యి పట్టుకొని జరుపుతుంది.

"బిడ్డా, కడుపు నొస్తే చెయ్యి గాడ పెట్టరు. జర కిందికి పెట్టు. మోకాళ్లు ముడుచుకో. మీ అత్త వస్తే మూలగకు, ఊకో. మూలిగితే నమ్మరు."

ఆమె చెప్పుడు అయిపోకముందే ఆ పిల్లకు నిద్ర పట్టింది.